ముగింపు తెలిసిన థ్రిల్లర్‌ను మళ్లీ ఎందుకు చూస్తాం?

రెండో_ఆట
సభ్యులందరికీ నమస్కారం. థ్రిల్లర్ అనగానే మనలో చాలామంది మొదట అడిగే ప్రశ్న "ట్విస్టు ఎలా ఉంది?" అని. మొదటి రోజే ఎవరైనా ముగింపు బయటపెడితే ఆ స్నేహితుడితో వారం రోజులు మాట్లాడని వాళ్లు కూడా మనలో ఉన్నారు. అయితే "దృశ్యం" సంగతి చూడండి. మలయాళంలో 2013 డిసెంబరులో విడుదలైన ఆ కథను 2014లో వెంకటేష్‌తో శ్రీప్రియ తెలుగులో తీశారు. 2015లో తమిళంలో, హిందీలో కూడా వచ్చింది. కథ దేశమంతా తెలిసిపోయిన తరువాత కూడా ప్రతి భాషలోనూ ప్రేక్షకులు దానికి పట్టం కట్టారు. కూతురిని బెదిరించిన కుర్రాడు హత్యకు గురైతే, శవాన్ని దాచి కుటుంబాన్ని కాపాడుకునే తండ్రి రాంబాబు కథ అది. శవం ఎక్కడుందో మనకు తెలుసు, రాంబాబు చిక్కడనీ తెలుసు. అయినా పోలీసులు చిన్న కూతురిని పక్కకు పిలిచి ప్రశ్నించే ఘట్టం వచ్చేసరికి మళ్లీ ఊపిరి బిగబట్టి చూస్తాం. థ్రిల్లర్‌కు ట్విస్టే ప్రాణమైతే ఇలా జరగకూడదు కదా? దీని మీద మీ అభిప్రాయాలు వివరంగా రాయమని కోరుతున్నాను.

నిర్వాహకుడు
పాత సినిమాల ముగింపులను ఇక్కడ స్వేచ్ఛగా చర్చించవచ్చు. ఇటీవల విడుదలైన వాటి హంతకుల పేర్లు మాత్రం దయచేసి రాయకండి.

ఎడిటింగ్_బల్ల
నేను కొంతకాలం ఎడిటింగ్ విభాగంలో సహాయకుడిగా పనిచేసినవాడిని కనుక ఆ వైపు నుంచి చెబుతాను. ఎడిటింగ్ గదిలో థ్రిల్లర్ గురించి జరిగే వాదనల్లో ఎక్కువ భాగం ట్విస్టు గురించి ఉండవు. "ఈ విషయం ప్రేక్షకుడికి ఇప్పుడే తెలియాలా, రెండు సీన్ల తరువాత తెలియాలా?" అన్నదాని మీదే ఉంటాయి. ఎవరికి ఏది ఎప్పుడు తెలుస్తుందన్న పంపకమే ఈ తరహా సినిమాకు అసలు కథనం.

"దృశ్యం"లో ఆ పంపకం చాలా తెలివైనది. హత్య ఎవరు చేశారో, ఎందుకు చేశారో మన కళ్ల ముందే జరుగుతుంది, కాబట్టి పోలీసుల కంటే మనకు ఎక్కువ తెలుసు. అదే సమయంలో శవాన్ని చివరికి ఎక్కడ దాచాడో రాంబాబు మనకు కూడా చెప్పడు, కాబట్టి అతని కంటే మనకు తక్కువ తెలుసు. ఈ రెండు స్థితుల్లోనూ మనల్ని ఒకేసారి ఉంచడం వల్ల, విచారణ జరుగుతున్నంతసేపూ ఆ కుటుంబంతో పాటు మనమూ అబద్ధంలో భాగస్తులమవుతాం. శవం కోసం పోలీసులు గొయ్యి తవ్వించే సన్నివేశంలో మనకు కలిగే భయం ఒక నేరస్థుడు దొరికిపోతాడేమోనన్న భయం. మామూలుగా అయితే మనం కోరుకోవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. రెండోసారి చూసినప్పుడు గొయ్యిలో వేరే జంతువు కళేబరం ఉందని తెలుసు కనుక మన చూపు గొయ్యి మీద నుంచి మనుషుల ముఖాల మీదకు వెళుతుంది. తవ్వుతున్నంతసేపూ రాంబాబు నిబ్బరం ఎంత, చనిపోయిన కుర్రాడి తల్లి, ఐజీ గీతా ప్రభాకర్ ఆశ ఎంత అని చూస్తాం. మొదటిసారి చూడలేకపోయిన సినిమా అది.

ఇంగ్లీషు థ్రిల్లర్ల దర్శకుడు హిచ్‌కాక్ 1958లో "వెర్టిగో" తీసినప్పుడు, కథానాయకుడికి తెలియక ముందే అసలు రహస్యాన్ని ప్రేక్షకుడికి చెప్పేశారు. అప్పటి నుంచి మనం ఎదురుచూసేది "ఏమి జరిగింది?" అన్నదానికి జవాబు కోసం కాదు, "ఇతనికి తెలిస్తే ఏమి చేస్తాడు?" అన్నదాని కోసం. అమెరికాలో 1971లో మొదలై దీర్ఘకాలం నడిచిన "కొలంబో" టీవీ ధారావాహికలో కూడా హంతకుడు ఎవరో ఆరంభంలోనే చూపించేవారు. ఆసక్తి అంతా ఆ నలిగిన కోటు వేసుకున్న పోలీసు అధికారి అతన్ని ఎలా పట్టుకుంటాడన్నదాని మీదే ఉండేది.

నేల_టికెట్టు
మీరు చెప్పినదంతా బాగుంది కానీ ఆశ్చర్యాన్ని మరీ తక్కువ చేయవద్దని మనవి. నిండిన హాలులో మొదటి ఆటకు వెళ్లి, ఎవరూ ఊహించని మలుపు వచ్చినప్పుడు హాలంతా ఒక్కసారి కిక్కురుమనకుండా అయిపోవడం, వెంటనే వెనుక వరుసల నుంచి ఈల రావడం అనుభవించినవారికి దాని విలువ తెలుసు. అది రెండోసారి రాదు. రాకపోయినా పరవాలేదు, మొదటిసారి వచ్చింది కదా.

నా ఫిర్యాదు ట్విస్టు మీద కాదు, మోసపు ట్విస్టు మీద. హంతకుడు అప్పటివరకు మనకు కనిపించిన మనిషై ఉండాలి, అతన్ని అనుమానించడానికి కావలసిన ఆధారాలు తెర మీద ఎక్కడో ఒకచోట ఉండాలి, అయినా మన దృష్టి అటు పోకూడదు. ఈ నియమం పాటించకుండా చివరి ఇరవై నిమిషాల్లో కొత్త మనిషిని తెచ్చి, అతని చిన్నతనం కష్టాలను ఒక ఫ్లాష్‌బ్యాక్‌గా చూపించి, హత్యలన్నింటికీ అదే కారణమని తేల్చేసే సినిమాలు మనకు ఇటీవల ఎక్కువయ్యాయి. ఆ ఫ్లాష్‌బ్యాక్ మొదలవగానే నేను చెప్పుల కోసం సీటు కింద వెతుక్కుంటాను.

ఇంకొక చిక్కు నటీనటుల ఎంపిక. కాస్త పేరున్న నటుడు మొదటి సగంలో రెండే రెండు సన్నివేశాల్లో కనిపించి, కథానాయకుడి భుజం తట్టి వెళ్లిపోయాడంటే హాలులో సగం మంది వేళ్లు అతని వైపే చూపిస్తాయి. అంత పారితోషికం ఇచ్చి భుజం తట్టించడానికే తీసుకుని ఉండరు కదా!

డల్లాస్_బాబాయి
ఈ విషయంలో ఇంటర్వెల్ పాత్రను ఎవరూ ప్రస్తావించలేదు. ఇక్కడి మల్టీప్లెక్సుల్లో తెలుగు సినిమా చూస్తున్నప్పుడు చాలాసార్లు "విశ్రాంతి" అన్న అక్షరాలు పడతాయి కానీ సినిమా ఆగదు, నేరుగా రెండో సగంలోకి వెళ్లిపోతుంది. అలా చూసినప్పుడు మన థ్రిల్లర్లలో ఒక విచిత్రం బయటపడుతుంది. ఇంటర్వెల్ ముందు ఉరుములా ఒక విషయం పేలుతుంది, వెంటనే రెండో సగం మొదట్లో పది నిమిషాలు కథ నిద్రపోతుంది. ఊళ్లో చూసేటప్పుడు ఆ పది నిమిషాలు మనకు తెలియవు, ఎందుకంటే సగం మంది ఇంకా సమోసాల దగ్గరే ఉంటారు. ఆ ఖాళీని చూసుకునే దర్శకులు కథ రాస్తున్నారా అని నా అనుమానం.

ఎడిటింగ్_బల్ల
అనుమానం కాదు బాబాయి గారూ, నిజమే. రెండో సగం ఆరంభంలో ముఖ్యమైన క్లూ పెట్టవద్దని, జనం ఇంకా కూర్చోరని, నేను విన్న సలహాల్లో ఇదొకటి. దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ 1960 నాటి "సైకో". ఆట మొదలైన తరువాత ఎవరినీ లోపలికి రానివ్వవద్దని హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టారు. ఆయన పట్టింపుకు కారణం ఉంది. జానెట్ లీ అంతటి పేరున్న నటి పాత్ర సినిమా సగానికి రాకముందే హత్యకు గురవుతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఆమె ఎప్పుడు వస్తుందా అని చివరిదాకా ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

మన దగ్గర అటువంటి షరతు నడవదు కాబట్టి ఇంటర్వెల్‌నే ఆయుధంగా మార్చుకోవాలి. మంచి తెలుగు థ్రిల్లర్ ఇంటర్వెల్ దగ్గర ప్రశ్ననే మార్చేస్తుంది. మొదటి సగం "ఏమి జరిగింది?" అని నడిస్తే, విరామం తరువాత "ఇప్పుడు ఎవరిని నమ్మాలి?" అని నడవాలి. 2016లో వచ్చిన "క్షణం" గుర్తు చేసుకోండి. తప్పిపోయిన పాప కోసం వెతకడంతో మొదలైన కథ, అసలు ఆ పాప ఉందా, లేక తల్లి ఊహా అన్న సందేహంలోకి వెళుతుంది. వెతుకుతున్న మనిషికే తాను చేస్తున్న పని మీద నమ్మకం సడలుతుంది. కథానాయకుడు బలవంతుడు కాదు, అమెరికా నుంచి వచ్చిన సామాన్యుడు. ఇదే కథను హిందీలో 2018లో "బాఘీ 2"గా తీసినప్పుడు కథానాయకుడిని యుద్ధవీరుడిని చేశారు. హెలికాప్టర్ల మీద ఒంటిచేత్తో పోరాడగలిగిన మనిషికి ఒక సందేహం ఏమి హాని చేయగలదు? ఆ మార్పుతో భయం పోయి పోరాటాలు మిగిలాయి. థ్రిల్లర్‌లో నాయకుడి బలం పెరిగినకొద్దీ ఉత్కంఠ తగ్గుతుందన్నది నేను గట్టిగా నమ్మే మాట. మన పెద్ద హీరోలతో మంచి థ్రిల్లర్లు అరుదుగా రావడానికి కూడా ఇదే కారణం. హీరోకు ఏమీ కాదని టికెట్టు కొన్నప్పుడే అందరికీ తెలుసు. "దృశ్యం"లో వెంకటేష్ పోలీసు చేతిలో దెబ్బలు తిని తిరిగి కొట్టకుండా ఉండటమే ఆ సినిమా చేసిన సాహసం.

వరంగల్_అమ్మాయి
చర్చ ఆసక్తిగా ఉంది, కానీ ప్రేక్షకులు అంటే మీరందరూ ఒకే రకం మనుషులను ఊహించుకుంటున్నారు. తెర మీద ఒంటరిగా నడుస్తున్న అమ్మాయిని కెమెరా వెనుక నుంచి వెంబడించే షాట్ పడినప్పుడు హాలులో మగవాళ్లకు కలిగేది ఉత్కంఠ అయితే, మాకు కలిగేది ఆ రోజు రాత్రి బస్టాండు నుంచి ఇంటికి ఎలా వెళ్లాలన్న ఆలోచన. సైకో కిల్లర్ కథల్లో చనిపోయేది దాదాపుగా ఎప్పుడూ ఆడపిల్లలే. తమిళంలో 2018లో వచ్చిన "రాట్ససన్", దాని తెలుగు రూపమైన "రాక్షసుడు" (2019) పకడ్బందీగా అల్లిన సినిమాలే, కాదనను. అయితే అందులో బడిపిల్లల శరీరాలను చూపించిన తీరు, చూసేవారిని ఉలిక్కిపడేలా చేయడానికి అంత అవసరమా అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ ఉంది. చనిపోయిన అమ్మాయికి ఒక ఇష్టం, ఒక అలవాటు, ఒక గొంతు ఉండవు. ఆమె శవం దొరికిన చోటు మాత్రమే ఉంటుంది.

అందుకే నాకు "అనుకోకుండా ఒక రోజు" (2005) అంటే ప్రత్యేకమైన అభిమానం. చంద్రశేఖర్ ఏలేటి తీసిన ఆ సినిమాలో సహస్ర ఒక పార్టీకి వెళ్లి వచ్చి నిద్ర లేచేసరికి ఆమె జీవితంలో ఒక రోజు మాయమై ఉంటుంది. ఆ రోజు తాను ఎక్కడ ఉన్నదీ, ఎవరితో మాట్లాడినదీ ఆమెకు తెలియదు, మనకూ తెలియదు. ఎడిటింగ్ బల్ల గారి లెక్క ప్రకారం చూస్తే ఇక్కడ ప్రేక్షకుడు, పాత్ర సరిసమానం. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లు చంపాలని వెంటపడుతుంటే ఆమె ఒకవైపు పారిపోతూ, మరోవైపు తన కథను తానే పరిశోధించుకుంటుంది. ఆమె బాధితురాలు, ఆమే డిటెక్టివు. ఇరవై ఏళ్ల తరువాత కూడా ఇటువంటి పాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

"దృశ్యం" విజయం వెనుక కూడా ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటి భయం ఉంది. స్నానపు గదిలో రహస్యంగా తీసిన వీడియో, దానితో బెదిరింపు, పోలీసుల దగ్గరకు వెళ్తే పరువు పోతుందన్న అనుమానం. ఈ మూడూ లేకపోతే ఒక తండ్రి శవాన్ని దాచడాన్ని మనం సమర్థించేవాళ్లమే కాదు. ట్విస్టు కంటే ముందు ఈ భయం మనల్ని కట్టిపడేసింది.

రెండో_ఆట
వరంగల్ అమ్మాయి గారూ, మీ చివరి మాట నేను వెతుకుతున్న జవాబుకు చాలా దగ్గరగా ఉంది. ముగింపు తెలిసినా ఆ భయం తీరలేదు కాబట్టి మళ్లీ చూస్తున్నాం.

పాతబొమ్మలు
పెద్దవయసు వాడిని, కాస్త వెనక్కి తీసుకెళ్తాను. మన థ్రిల్లర్లలో పాటలు ఎందుకని కుర్రవాళ్లు విసుక్కుంటారు. మద్రాసులో 1954లోనే ఎ.వి.ఎం. వారు ఒక్క పాటా లేకుండా "అంద నాళ్" అనే తమిళ చిత్రం తీశారు. వీణ ఎస్. బాలచందర్ దర్శకుడు. 1943లో మద్రాసు మీద జపాను బాంబులు వేసిన రోజుల్లో ఒక రేడియో ఇంజనీరు హత్యకు గురవుతాడు, అనుమానితులు ఒక్కొక్కరు తమ తమ కోణంలో ఆ మనిషి గురించి చెబుతారు. హత్యకు గురైన పాత్రలో శివాజీ గణేశన్ నటించారు, ఆ పాత్ర దేశద్రోహిది. పాటలూ లేవు, మంచివాడైన నాయకుడూ లేడు.

అదే సంస్థ 1967లో తెలుగులో "అవే కళ్లు" తీసినప్పుడు మాత్రం రంగులూ, పాటలూ, హాస్యమూ అన్నీ కలిపి, ఒక ఇంట్లో వరుస హత్యల కథను అల్లింది. జనం ఆదరించినది ఈ రెండో మార్గాన్నే. అంతకు ముందు ఏడాదే కృష్ణ "గూఢచారి 116"తో తెలుగువారికి సాహస గూఢచారిని పరిచయం చేశారు. అప్పట్లో మాకు పాట అడ్డుగా తోచేది కాదు. భయపడిన గుండెకు ఊపిరి తీసుకునే సందు దొరికేది. ఆ సందులో పక్కవాడితో "ఫలానా వాడే హంతకుడు" అని పందెం కాసేవాళ్లం.

1985లో వంశీ "అన్వేషణ"తో ఈ చిక్కుముడిని మరొక విధంగా విప్పారు. అడవిలో జరిగే హత్యలు పులి చేస్తున్నదని ఊరివారి నమ్మకం. పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన అమ్మాయి కథానాయిక కనుక, శబ్దమే ఆ కథకు ఊపిరి. ఇళయరాజా నేపథ్య సంగీతం ఎక్కడ మొదలవుతుందో కంటే ఎక్కడ ఆగిపోతుందో విన్నవారికి ఆ సినిమా విలువ తెలుస్తుంది. అందులోని పాటలు ఇప్పటికీ పాడుకుంటున్నాం, అయినా కథ బిగువు సడలలేదు.

నేల_టికెట్టు
పాతబొమ్మలు గారి పోస్టు చదివి "అన్వేషణ" మళ్లీ పెట్టుకున్నాను. నేపథ్య సంగీతం ఆగే చోట్ల గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. ఇప్పటి సినిమాల్లో తలుపు తెరిచినా ఢామ్మని మోగిస్తున్నారు. దానికి తోడు చీకట్లో హంతకుడు సిగరెట్టు వెలిగించగానే తెర మూలన పొగాకు హెచ్చరిక ప్రత్యక్షమవుతుంది. ఎంత భయంకరమైన హంతకుడైనా ఆరోగ్య సూత్రాల ముందు చిన్నబోవలసిందే!

కోనసీమ_కుర్రాడు
నాకు ఒక సందేహం ఉంది, పెద్దలు తీర్చగలరు. తెర మీద చూపించిన దృశ్యమే అబద్ధమైతే అది మోసం కిందకు వస్తుందా? "ఎవరు" (2019) చూసినప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. అందులో ఒక పాత్ర జరిగినది చెబుతుంటే మనకు బొమ్మ కనిపిస్తుంది. తరువాత అదే సంఘటన మరొక విధంగా కనిపిస్తుంది. మాట అబద్ధమని ఒప్పుకోగలను, కంటితో చూసినదాన్ని అబద్ధమని ఒప్పుకోవడానికి మనసు ఒప్పలేదు.

ఎడిటింగ్_బల్ల
ఈ వాదన పాతదే. హిచ్‌కాక్ 1950లో "స్టేజ్ ఫ్రైట్"లో ఒక పాత్ర చెప్పిన అబద్ధాన్ని ఫ్లాష్‌బ్యాక్‌గా చూపించారు, ప్రేక్షకులు కోపగించుకున్నారు, తరువాత ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ అలా చేయకుండా ఉండవలసిందని ఆయనే అన్నారు. విచిత్రమేమిటంటే అదే సంవత్సరం జపానులో కురొసావా "రాషోమాన్" తీశారు. అందులో ఒకే సంఘటనను నలుగురు నాలుగు విధాలుగా చెబుతారు, ప్రపంచమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. తేడా ఎక్కడుంది? రెండవదానిలో ఇవి సాక్ష్యాలని, సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని మనకు మొదటి నుంచీ తెలుస్తూనే ఉంటుంది. మొదటిదానిలో ఆ హెచ్చరిక లేదు.

"ఎవరు" ఈ రెండింటికీ మధ్య ఉంది. 2016 నాటి ఒక స్పానిష్ చిత్రం ఆధారంగా తీసినప్పటికీ, తెలుగులో చేసిన మార్పులు గమనించదగినవి. చెబుతున్న మనిషి నేరారోపణ ఎదుర్కొంటున్నదని, వింటున్న పోలీసు లంచగొండి అని ముందే చెప్పేశారు. ఇద్దరికీ అబద్ధమాడే అవసరం ఉందని మనకు చెప్పిన తరువాత బొమ్మను నమ్మడం మన బాధ్యతే. నా దృష్టిలో అది మోసం కాదు. కానీ అటువంటి సినిమాను రెండోసారి చూసేటప్పుడు ఆనందం వేరు. కథ కోసం కాకుండా, ఎక్కడెక్కడ మనల్ని దారి తప్పించారో లెక్క చూసుకోవడానికి చూస్తాం. "దృశ్యం" మళ్లీ చూడటం, "ఎవరు" మళ్లీ చూడటం ఒకటి కాదు.

డల్లాస్_బాబాయి
ఓటీటీ వచ్చాక ఈ లెక్క చూసుకోవడం మరీ సులువైంది. అనుమానం రాగానే వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నాం. దాచడం కష్టమైంది కాబట్టి రచయితలు ఎపిసోడు చివర ఒక కొక్కెం తగిలించి మనల్ని లాక్కుపోతున్నారు. వారపత్రికల్లో డిటెక్టివ్ సీరియళ్లు చదివి పెరిగిన నాకు "సశేషం" కొత్తదేమీ కాదు. కానీ అప్పుడు వారం రోజులు ఆగేవాళ్లం, ఆ వారమంతా కథ మన బుర్రలో నడిచేది. ఇప్పుడు కొన్ని సెకన్లలో తరువాతి ఎపిసోడు దానంతట అదే మొదలవుతుంది. ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్ "దూత" నేను రెండు రాత్రుల్లో ముగించాను. కొక్కేలన్నీ గుర్తున్నాయి, మధ్యలో మనుషులు అంతగా గుర్తులేరు.

కోనసీమ_కుర్రాడు
ఎడిటింగ్ బల్ల గారికి ధన్యవాదాలు. ఇంకొకటి అడుగుతాను. నేరం చేసినవాడు చివరికి శిక్ష అనుభవించాలన్నది ఈ తరహా సినిమాల పాత నియమం కదా. రాంబాబు దాన్ని తప్పించుకున్నాడు. మనం ఎలా ఒప్పుకున్నాం?

వరంగల్_అమ్మాయి
అన్నిచోట్లా ఒప్పుకోలేదు. 2019 డిసెంబరులో చైనాలో "షీప్ వితౌట్ ఎ షెపర్డ్" పేరుతో ఈ కథను తీశారు, కథను థాయిలాండులో నివసించే చైనా కుటుంబానికి మార్చారు. అక్కడ తండ్రి చివరికి తానే వెళ్లి నేరం ఒప్పుకుంటాడు. మన దగ్గర శవం పోలీస్ స్టేషను కిందే ఉండిపోతుంది, మనం సంతోషంగా ఇంటికి వెళ్తాం. వ్యవస్థ మీద మన నమ్మకం ఎంతో ఆ సంతోషమే చెబుతోంది. అయితే చనిపోయిన కుర్రాడి తల్లిదండ్రులు రాంబాబును కలిసే చివరి ఘట్టం ఉంది కదా, ఆ తల్లిగా నటించిన నదియా ముఖం చూశాక ఆ సంతోషం నాకు పూర్తిగా నిలవదు. "దృశ్యం" రెండో భాగం 2021లో వచ్చింది, అందులో ఆ కుటుంబం ఇంకా భయంతోనే బతుకుతూ కనిపిస్తుంది. శిక్ష తప్పిందని ఎవరన్నారు?

నేల_టికెట్టు
ఇది మాత్రం నేను ఒప్పుకోను. భయం శిక్ష కాదు. నాకు చైనా ముగింపు చప్పగా తోచింది. తెలివితో గెలిచిన సామాన్యుడిని చివరి నిమిషంలో బడిపిల్లవాడిలా నిలబెట్టి తప్పు ఒప్పించడం, అప్పటివరకు అతనితో పాటు ఊపిరి బిగబట్టిన ప్రేక్షకుడిని కూడా దోషిగా నిలబెట్టడమే.

పాతబొమ్మలు
ప్రేక్షకుడు దోషి కాదంటారా? గొయ్యి తవ్వుతుంటే శవం దొరకకూడదని మనమందరం కోరుకున్నాం కదా. చైనా సినిమా నేనూ చూడాలి. తెలుగు అనువాదంతో ఎక్కడైనా దొరుకుతుందేమో ఎవరికైనా తెలిస్తే రాయండి. "అంద నాళ్" చూడాలనుకునే కుర్రవాళ్లు మాత్రం తమిళం రాకపోయినా వెనుకాడవద్దు, ముఖాలు చూస్తే చాలావరకు అర్థమవుతుంది.